రాత్రి తిరిగే ఎర్ర చేపలు: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ చాంద్రాయణగుట్ట వాళ్లు సముద్రం చూడాలంటే మూడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. అందుకే పగడపు దిబ్బల్లో బతికే స్క్విరల్‌ఫిష్, సోల్జర్‌ఫిష్ పాతబస్తీ పిల్లలకు ఎక్కువగా ఫోన్ వీడియోల్లోనో, అక్వేరియం అద్దాల వెనకో పరిచయమవుతాయి. రెండుచోట్లా లైటు వేసే చూపిస్తారు. అపోహలు మొదలయ్యేది అక్కడే.

అపోహ: ఈ చేపల ఎరుపు నలుగురి కంట్లో పడడానికే.

వాస్తవం: పడకుండా ఉండడానికి. సూర్యకాంతిలోని రంగుల్లో నీరు ముందుగా మింగేసేది ఎరుపునే. పది మీటర్ల లోతుకు వెళ్లేసరికి అది చాలావరకు మాయమవుతుంది. ఎర్ర వెలుగే లేనిచోట ఎర్ర పొలుసులు నల్లగానో బూడిదరంగులోనో కనిపిస్తాయి. రాత్రిపూట వేటకు బయల్దేరే చేపకు అంతకన్నా మంచి ముసుగు లేదు. ఫొటోల్లో మనం చూసే మందారపువ్వు రంగు డైవర్ ఫ్లాష్‌లైటు వల్ల వచ్చిందే.

అపోహ: పగలంతా రాతిసందుల్లో నక్కి ఉంటుంది కాబట్టి సోమరి చేప.

వాస్తవం: దాని పని రాత్రి మొదలవుతుంది. పొద్దుగూకాక స్క్విరల్‌ఫిష్ దిబ్బ అడుగున రొయ్యలు, పీతలు వెతుక్కుంటుంది. సోల్జర్‌ఫిష్ నీటిలో తేలే చిన్నచిన్న జీవులను పట్టుకుంటుంది. ఆ పెద్ద కళ్లు అందుకే. వీటి కంటిపొరలో మసక వెలుగును పట్టే కణాలు ఒకదానిపై ఒకటి వరుసలుగా పేర్చి ఉంటాయి. లోతు సముద్రపు చేపల్లో కనిపించే ఈ అమరికను 2021లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వీటిలోనూ వివరించారు. దిబ్బ మీద బతికే చేపకు అగాధంలో బతికే చేప కన్ను ఉండడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

అపోహ: చేపలు మూగజీవాలు.

వాస్తవం: ఇవి కావు. గాలితిత్తిని ఆనుకున్న కండరాలను వేగంగా కదిలించి గుర్రుమంటాయి, టకటకమంటాయి. చొరబడిన చేపను బెదిరించేది ఈ చప్పుడుతోనే.

అపోహ: ఇంత ఎర్రగా ఉందంటే తింటే విషమే.

వాస్తవం: రంగును బట్టి విషమని తేల్చలేం. హవాయిలో సోల్జర్‌ఫిష్‌ను మెన్‌పాచి అంటారు, ఇష్టంగా తింటారు. జాగ్రత్తపడాల్సింది స్క్విరల్‌ఫిష్ చెంప మీది ముల్లు దగ్గర. కొన్ని రకాల్లో ఆ ముల్లుకు విషం ఉంటుంది.

అపోహ: గాజుతొట్టి, మంచి లైటు, మేత ఉంటే ఇంట్లో హాయిగా బతుకుతుంది.

వాస్తవం: వీటిలో పెద్దరకం అర మీటరు దాకా పెరుగుతుంది. దాక్కోవడానికి చీకటి మూల లేకపోతే బెదిరిపోతుంది. నోట పట్టే చిన్న చేపలనూ రొయ్యలనూ మింగేస్తుంది. అందం కోసం వేసే లైటే దానికి శిక్ష.

తొట్టిలో పగడాలు కూడా పెట్టాలనుకునే వాళ్లకు ఒక మాట. దిబ్బలు కట్టే పగడాలు రాళ్లు కావు, ప్రాణులు. 2001 నుంచి వాటికి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. మన సముద్రంలోంచి తీసిన పగడాన్ని ఎవరు అమ్మజూపినా కొనకండి.