సైకిలుకు అయిదడుగుల ఎడం

రహదారి భద్రతను అధ్యయనం చేసేవారు రోడ్డు మీద తిరిగే జనాన్ని రెండు వర్గాలుగా చూస్తారు. ఢీకొన్నప్పుడు చుట్టూ ఉక్కు చట్రం, సీటు బెల్టు, గాలి సంచి వంటి రక్షణ ఉన్నవారు ఒక వర్గం కాగా, తొలి దెబ్బను నేరుగా ఒంటి మీదే కాచుకోవలసినవారు రెండో వర్గం. నడిచిపోయేవారు, సైకిలు తొక్కేవారు, మోటారు సైకిళ్ల మీద వెళ్లేవారు, తోపుడు బండ్లు నెట్టుకుంటూ పోయే చిరు వ్యాపారులు ఈ రెండో వర్గంలోకి వస్తారు. కేంద్ర రవాణా, రహదారుల శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలోని రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద, 32,825 మంది కాలినడకన, 4,836 మంది సైకిళ్ల మీద వెళ్తున్నవారు. అంటే చనిపోయిన ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఈ రక్షణ లేని వర్గానికి చెందినవారే. మిగతా అంకెల పక్కన సైకిలు మరణాల అంకె చిన్నదిగా కనిపిస్తుంది గాని, అది సగటున రోజుకు పదమూడు ప్రాణాల లెక్క. తెల్లవారకముందే పాలు, పేపర్లు వేసేవారు, భవన నిర్మాణ కూలీలు, రాత్రి కాపలా ముగించుకుని ఇల్లు చేరే వాచ్‌మెన్‌లు, బడి పిల్లలు వంటి, సైకిలు తప్ప వేరే దారి లేని మనుషులు ఆ లెక్కలో ఉంటారు.

అదే సంవత్సరపు మరణాల్లో 71.2 శాతానికి అతివేగం కారణమని ఆ నివేదికే చెబుతోంది. వేగం పెరిగితే ప్రమాదం పెరుగుతుందన్న సంగతి అందరికీ తెలిసినదే అయినా, అది ఎంతగా పెరుగుతుందో చాలామంది ఊహకు అందదు. ఎదురుగా ఏదో కనబడిన క్షణానికీ, కాలు బ్రేకు మీద పడే క్షణానికీ మధ్య గడిచే వ్యవధిని ప్రతిస్పందన కాలం అంటారు. సాధారణ డ్రైవరుకు దాన్ని ఒకటిన్నర సెకనుగా తీసుకుంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు ఆ వ్యవధిలో దాదాపు 17 మీటర్లు ముందుకు పోయి, బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద మరో 9 మీటర్లలో ఆగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు బ్రేకు పడకముందే 25 మీటర్లు దాటిపోతుంది, ఆగడానికి ఇంకో 20 మీటర్లు తీసుకుంటుంది. సందులోంచి ఒక పిల్లవాడు 26 మీటర్ల దూరంలో రోడ్డు మీదికి పరుగెత్తి వచ్చాడనుకుంటే, మొదటి కారు అతని ముందు ఆగగలుగుతుంది. రెండో కారు సరిగ్గా ఆ చోటికి చేరేసరికి దాని బ్రేకు అప్పుడే పనిచేయడం మొదలవుతుంది కనుక, అది దాదాపు పూర్తి వేగంతోనే పిల్లవాణ్ణి ఢీకొంటుంది. పైగా ఢీకొనే శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, వేగం ఒకటిన్నర రెట్లయితే దెబ్బ రెండుంపావు రెట్లవుతుంది.

వేగం తరువాత చెప్పుకోవలసినది ఎడం, అంటే దాటిపోయే వాహనానికీ పక్కనున్న మనిషికీ మధ్య మిగిలే ఖాళీ జాగా. దీన్ని అర్థం చేసుకోవాలంటే సైకిలు ఎలా నిలబడుతుందో చూడాలి. రెండు చక్రాల బండి ఎప్పుడూ ఏదో ఒక పక్కకు ఒరుగుతూనే ఉంటుంది; ఒరిగిన పక్కకే హ్యాండిల్‌ను కొద్దిగా తిప్పడం ద్వారా తొక్కేవారు దాన్ని మళ్లీ నిలబెడతారు. ఈ సర్దుబాటు ఆగకుండా సాగుతూ ఉంటుంది కాబట్టి సైకిలు గీత గీసినట్టు తిన్నగా పోవడం అసాధ్యం. వేగం తగ్గిన కొద్దీ, ఎత్తు ఎక్కుతున్నప్పుడు, హ్యాండిల్‌కు రెండు వైపులా పాల క్యాన్లో వెనక గడ్డిమోపో ఉన్నప్పుడు ఈ ఊగిసలాట ఇంకా పెరుగుతుంది. వెనక వస్తున్న బండిని చూడటానికి తల కుడివైపు తిప్పితే చేతులు కూడా తెలియకుండానే హ్యాండిల్‌ను అటే లాగుతాయి. దానికితోడు మన రోడ్ల ఎడమ అంచున ఇసుక మేట, విరిగిన తారు, మ్యాన్‌హోల్ మూత, అడుగు లోతు దిగిపోయిన మట్టి మార్జిన్ ఉంటాయి కనుక, వాటిని తప్పించుకోవడానికి సైకిలు ఉన్నట్టుండి లోపలికి జరగవలసి వస్తుంది. భారీ లారీ పక్కనుంచి వేగంగా దూసుకుపోతే దాని ముందు భాగం నెట్టిన గాలి మొదట సైకిలును బయటికి తోసి, ఆ వెంటనే లోపలికి లాగుతుంది. ఇలాంటప్పుడు ‘సైకిలువాడే అడ్డం వచ్చాడు’ అని తీర్పు చెప్పడం, ఆ బండి సహజ లక్షణాన్ని దాన్ని నడిపేవాడి నేరంగా లెక్కగట్టడమే.

ఈ కారణంగానే కొన్ని దేశాలు ఎడాన్ని అంకెల్లో నిర్ణయించాయి. బ్రిటన్‌లో 2022 జనవరి 29 నుంచి అమల్లోకి వచ్చిన హైవే కోడ్ సవరణ, గంటకు 30 మైళ్ల లోపు వేగంలో సైకిలును దాటేటప్పుడు కనీసం 1.5 మీటర్లు, అంటే సుమారు అయిదడుగులు వదలాలనీ, వేగం అంతకు మించితే ఎడం కూడా పెంచాలనీ చెబుతోంది. జర్మనీ 2020లో ఊళ్లలో 1.5 మీటర్లు, ఊళ్ల వెలుపల 2 మీటర్లుగా దీన్ని ఖరారు చేసింది.

ఈ అయిదడుగులను తెలుగు జిల్లాల్లోని మామూలు రెండు వరుసల రోడ్డు మీద కొలిచి చూస్తే అసలు చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. తారు వెడల్పు 7 మీటర్లు, అంటే ఒక్కో వరుసకు మూడున్నర. సైకిలు అంచుకు అర మీటరు ఇవతల నడుస్తూ, హ్యాండిల్‌తో కలిపి ఇంకో 60 సెంటీమీటర్లు తీసుకుంటే 1.1 మీటర్లయింది, దానికి 1.5 మీటర్ల ఎడం, రెండున్నర మీటర్ల బస్సు కలిపితే మొత్తం 5.1 మీటర్లవుతుంది. అంటే ఆ బస్సు సైకిలును క్షేమంగా దాటాలంటే రోడ్డు మధ్య గీత మీదుగా 1.6 మీటర్లు అవతలి వరుసలోకి పోక తప్పదు. ఎదురుగా వాహనం వస్తున్నప్పుడు రోడ్డు మీద ఆ జాగా లేదు, హారన్ ఎంత మోగించినా రాదు. అప్పుడు చేయదగినది గేరు తగ్గించి, ఎదురు బండి వెళ్లేదాకా సైకిలు వెనకే నడవడం ఒక్కటే. దానివల్ల పోయేది కొన్ని సెకన్లు మాత్రమే. 3.75 మీటర్ల ఒంటి వరుస పల్లె రోడ్ల మీదనయితే కారు కూడా అయిదడుగులు ఇవ్వలేదు కాబట్టి, అక్కడ వేగాన్ని దాదాపు మనిషి నడకకు దించడం తప్ప వేరే ఉపాయం లేదు.

భారీ వాహనాలతో మరో ప్రమాదం ఎడమ మలుపు దగ్గర పొంచి ఉంటుంది. డ్రైవరు కూర్చున్న చోటి నుంచి నేరుగా గాని, అద్దాల్లో గాని కనబడని భాగాన్ని బ్లైండ్ స్పాట్ అంటారు. లారీకి ఎడమవైపు, క్యాబిన్‌కు ఆనుకుని ఉండే జాగా ఇలాంటిదే. సిగ్నల్ దగ్గర లారీ ఆగినప్పుడు సైకిలు సందు చూసుకుని ఆ జాగాలోకే చేరుతుంది. పచ్చలైటు పడి లారీ ఎడమకు తిరిగేటప్పుడు దాని వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవక లోపలివైపుకు కోసుకుంటూ వస్తాయి గనుక, ముందు భాగం తప్పిపోయిందని ఊపిరి పీల్చుకున్న మనిషి వెనక చక్రాల కిందికి వెళ్తాడు. క్లీనర్ ఉన్న లారీలో అతడు ఎడమ కిటికీలోంచి చూసి తలుపు తట్టి హెచ్చరించగలడు. ఒంటరి డ్రైవరు మాత్రం ఇండికేటర్ ముందుగానే వేసి, అద్దం మళ్లీ మళ్లీ చూస్తూ, అంగుళం అంగుళం తిప్పవలసిందే. ఆగివున్న కారు తలుపు కూడా ఇలాంటి ముప్పే. డ్రైవరు తన కుడి తలుపును ఎడమ చేత్తో తెరిచే అలవాటు చేసుకుంటే ఒళ్లు దానంతట అదే తిరిగి, వెనకనుంచి వచ్చే సైకిలు కంటబడుతుంది. డచ్చివారి పేరుతో ప్రసిద్ధమైన ఈ పద్ధతిని బ్రిటన్ కూడా తన హైవే కోడ్‌లో చేర్చుకుంది.

రాత్రివేళ సమస్య ఇంకా ముదురుతుంది. ఎదురు బండి హైబీమ్ కళ్లలో పడ్డాక చూపు కుదుటపడటానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆ కాసేపు డ్రైవరు గుడ్డిగానే నడుపుతాడు. దీపం లేని సైకిలు, టెయిల్ లైటు లేని ట్రాక్టరు ట్రాలీ, కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చిన ధాన్యం ఎదురయ్యేది ఆ చీకట్లోనే. సైకిలుకు వెనక ఎర్రని రిఫ్లెక్టర్, ఒంటి మీద లేత రంగు చొక్కా ఉండటం నిస్సందేహంగా మేలు చేస్తుంది, వాటిని పాటించమని చెప్పడం సబబే. అయితే వెలుగు పడినంత దూరంలో ఆగలేనంత వేగంగా బండి నడిపేవాడు ఆ సలహాను తనకు రక్షణగా చెప్పుకోవడం న్యాయం కాదు.

వృద్ధుల సంగతి ప్రత్యేకంగా ఆలోచించదగినది. సెకనుకు ఒక మీటరు చొప్పున నడిచే పెద్దావిడకు 7 మీటర్ల రోడ్డు దాటడానికి 7 సెకన్లు కావాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ఆ లోపు దాదాపు 117 మీటర్లు వచ్చేస్తుంది, అంటే ఆమె అడుగు వేసినప్పుడు ఎక్కడో దూరాన ఉన్న కారు ఆమె అవతలి అంచు చేరేలోపే మీదికి వస్తుంది. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు జీబ్రా గీతల మీద పాదచారికే మొదటి హక్కు ఇచ్చాయి. చాలా ఊళ్లలో ఆ గీతలు చెరిగిపోయాయి, ఉన్నచోట కూడా వాటి ముందు బండి ఆపేవారు అరుదు.

తప్పంతా డ్రైవర్ల మీదే మోపడం సరికాదు, రోడ్డు వేసిన తీరుకు కూడా ఇందులో భాగముంది. 1971లో నెదర్లాండ్స్‌లో మూడు వేల మందికి పైగా రోడ్ల మీద చనిపోగా, వారిలో నాలుగు వందలకు పైగా పిల్లలే. ‘పిల్లల హత్య ఆపండి’ అన్న నినాదంతో తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చిన తరువాత ఆ దేశం వేరుగా సైకిలు దారులు వేసుకుంటూ వచ్చింది. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు 2023 అక్టోబరులో ప్రారంభమైంది. అది హర్షించదగినదే గాని, పనికి పోయే సైకిలు నడిచేది మార్కెట్ రోడ్ల మీద, పల్లెను రెండుగా చీల్చిన జాతీయ రహదారుల మీద.

ఒక పనిని మాత్రం కొత్త రోడ్ల కోసం ఎదురుచూడకుండానే మొదలుపెట్టవచ్చు. లైసెన్సు కోసం వచ్చినవారి చేత మూసివున్న ట్రాకు మీద ‘ఎనిమిది’, ‘హెచ్’ ఆకారాల్లో బండి నడిపించి చూస్తారు. ఆ ట్రాకు మీద సైకిలు గాని, బడి వదిలాక గుంపుగా నడిచే పిల్లలు గాని, రోడ్డు దాటే ముసలివారు గాని ఎదురుకారు. ఎదురు వాహనం వస్తుండగా సైకిలు వెనక ఓపిగ్గా నడవడం, అయిదడుగులు దొరికాకే దాటడం, జీబ్రా గీత ముందు ఆగడం అనే మూడు పనులను నిజమైన రోడ్డు మీద చేయించి చూడనిదే లైసెన్సు ఇవ్వని పద్ధతి వస్తే, డ్రైవింగ్ స్కూళ్లు కూడా వాటిని నేర్పక తప్పదు.