నిలబెట్టిన కారుకే తుప్పు

కారు పాతబడితే తుప్పు పడుతుందని మనలో చాలామంది నమ్మకం. నిజానికి తుప్పుకు వయసుతో ఉన్న చుట్టరికం తక్కువ, నిలబెట్టడంతోనే ఎక్కువ. 1964 పాంటియాక్ జీటీవోతో ఊపందుకున్న అమెరికన్ మజిల్ కార్లు 6.4 లీటర్ల ఇంజన్లు పెట్టుకుని కూడా పొలాల్లో, పాకల వెనక పడి మట్టిలో కలిశాయి. మనకు అంత కండబలం ఉన్న బండి లేదు. మనది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో ఉత్తరపారాలో తయారై, 2014 మేలో ఆగిపోయిన లీటరున్నర అంబాసిడర్. చావు మాత్రం రెంటికీ ఒకటే.

ఇనుము ఒకచోట ఎలక్ట్రాన్లను వదులుతుంది, మరోచోట ఆక్సిజన్, నీరు కలిసి వాటిని అందుకుంటాయి. మధ్యలో తడి పొర కరెంటు తీగ పని చేస్తుంది. ఉప్పు కలిస్తే ఆ కరెంటుకు జోరెక్కువ. విశాఖ దగ్గరి ఆనందపురం లాంటి చోట నిలబెట్టిన బండికి ఆ ఉప్పు గాలిలోనే అందుతుంది, భీమిలి తీరం అట్టే దూరం కాదు. వంట ఉప్పయితే గాలిలో తేమ 75 శాతం దాకా వస్తే గానీ నీరు లాగి కరగదు. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతమే చాలు. అందుకే వాన లేని రోజున కూడా రేకు మీద కంటికి కనబడని తడి ఉంటుంది.

అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడి ఛాసిస్ లేదు. నేల రేకు, తలుపుల కింద పొడవునా ఉండే బోలు పెట్టెలు, ఇవే దాని వెన్నెముక. ఆ పెట్టెల అడుగున నీరు పోయే చిన్న కన్నాలుంటాయి. చెట్టు కింద వదిలేసిన బండిలో ఆకులు, మట్టి చేరి అవి పూడుకుపోతాయి. లోపలి తడి ఇక ఆరదు. తుప్పుకు ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి కనుక అది పెయింటును పొక్కులా లేపుతుంది. పొక్కు కనబడేసరికి లోపల రేకు సగం తినేసి ఉంటుంది. దాని మీద పుట్టీ రాసి రంగు కొట్టడమంటే తడిని లోపలే పెట్టి తాళం వేయడం. అటు ఇంజన్లో పిస్టన్ రింగులు సిలిండరు గోడకు పట్టేస్తాయి, పెట్రోలు జిగురై కార్బ్యురేటర్‌ను మూసేస్తుంది.

తిరిగే బండికి తుప్పు పట్టదా అంటారు. పడుతుంది. అయితే దాన్ని కడుగుతారు, గాలికి ఆరుతుంది, పొక్కు లేవగానే టింకరింగుకు పంపుతారు. తేమలో విశాఖకు తీసిపోని కోల్‌కతాలో అంబాసిడర్ ట్యాక్సీలు ఏళ్ల తరబడి తిరిగాయి. మరోపక్క పోలీస్ స్టేషన్ల ఆవరణల్లో కొత్త బండ్లు కూడా శిథిలమవుతుంటాయి. పట్టుకున్న వాహనాలను అలా ఏళ్లపాటు ఉంచడం వల్ల ప్రయోజనం లేదని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. పాత కారు వారసత్వ సంపద, తుక్కుకు వేయకూడదనే వాదనను కొట్టేయలేం. కానీ ఎండకూ వానకూ వదిలేసి దాచుకున్నామనుకుంటే అది దాచడం కాదు, నిదానంగా తుక్కు చేయడం.

పాత అంబాసిడర్ కొనాలనుకుంటే బోనెట్ ఎత్తేముందు తలుపుల కింది పెట్టెను చిన్న సుత్తితో తట్టి చూడండి. ఖంగుమంటే బేరమాడండి, పొట్టు రాలితే తుక్కు ధరే అడగండి.