వణుకు పిరికితనం కాదు

కొన్నేళ్ల క్రితం ఒక రాత్రి పన్నెండు దాటాక మా ఇంట్లో ఫోను మోగింది. తమ్ముడి స్కూటరుకు ప్రమాదం జరిగిందన్న కబురు. అమ్మీ చేతులు వణికాయి, నోరు ఎండిపోయింది, ఒళ్లంతా చెమటలు పట్టాయి. "ధైర్యంగా ఉండాలి గానీ ఇదేమిటి అమ్మీ?" అని మేమే మందలించాం. తమ్ముడికి చిన్న దెబ్బలే తగిలాయని తెలిశాక కూడా చాలాసేపటి వరకు ఆ వణుకు తగ్గలేదు. మా మందలింపు ఎంత తప్పో తరువాత ఒక డాక్టరు గారు వివరిస్తే గానీ మాకు బోధపడలేదు.

ఆపద వచ్చిందని మెదడు గ్రహించిన మరుక్షణమే, మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే చిన్న గ్రంథులకు ఆజ్ఞ అందుతుంది. అవి రక్తంలోకి అడ్రినలిన్‌ను వదులుతాయి. గుండె, ఊపిరి వేగం పుంజుకుంటాయి. కాలేయం తాను దాచి ఉంచిన చక్కెరను కండరాల కోసం విడుదల చేస్తుంది. జీర్ణక్రియ మందగిస్తుంది. లాలాజలం తగ్గి నోరు ఎండుతుంది. పోరాడటానికో, పారిపోవటానికో శరీరం చేసుకునే సన్నాహమే ఇదంతా. అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లోనే తన గ్రంథంలో దీనిని వివరించారు.

అయితే ఫోను పక్కన కూర్చున్న తల్లి ఎవరితో పోరాడుతుంది? ఎక్కడికి పారిపోతుంది? కండరాలను సిద్ధం చేసే ఆ అడ్రినలినే ఆమె చేతుల్లో వణుకు పుట్టిస్తుంది. కార్టిజోల్ అనే మరో హార్మోను కాస్త ఆలస్యంగా పెరుగుతుంది. అందుకే మంచి కబురు అందినా ఒళ్లు వెంటనే కుదుటపడదు.

అలాంటి వేళ మనిషిని కూర్చోబెట్టి చేయి పట్టుకోవాలి. ఊపిరి నెమ్మదిగా తీసుకుని, అంతకంటే నెమ్మదిగా వదలమని చెప్పాలి. మరీ వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. షుగరు జబ్బుకు మందులు వాడేవారికి చక్కెర పడిపోయినా వణుకు, చెమటలు వస్తాయి కనుక పరీక్షించి చూడాలి. ఛాతీలో నొప్పి, బరువు, చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే కంగారేనని కొట్టిపారేయకుండా వెంటనే 108కు ఫోను చేయాలి.

ఘోరమైన ప్రమాదం చూసినవారికి కొన్నాళ్లు నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం సహజం. నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఇప్పుడు వేళగాని వేళ ఫోను మోగితే మాలో ఒకరు ముందు అమ్మీ పక్కన కూర్చుంటారు. ఆ తరువాతే ఇంకొకరు ఫోను ఎత్తుతారు.