గేటు లోపల ఇల్లా? బయట ఇల్లా?

"మీ ఆయన ఎక్కడుంటారమ్మా?"

అల్వాల్‌లో టూలెట్ బోర్డు చూసి వెళ్తే ఓనరమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇదే. "ఆర్మీ అండీ, వచ్చే నెల కశ్మీర్ వెళ్తున్నారు" అని గర్వంగానే చెప్పా. "అంటే ఇంట్లో మగదిక్కు ఉండదన్నమాట. మావారిని అడిగి ఫోన్ చేస్తాలే" అందావిడ. ఏడాదిన్నరైంది, ఆ ఫోన్ ఇంకా రాలేదు!

జవాను పెళ్లాం అంటే క్యాంటీన్ సరుకులు, ఫ్రీ క్వార్టరు అనుకుంటారు చాలామంది. పెళ్లికి ముందు నేనూ అలాగే అనుకున్నా. అసలు సంగతి వేరు. పీస్ స్టేషన్‌లో పోస్టింగ్ ఉన్నంతకాలం కుటుంబాన్ని వెంట పెట్టుకోవచ్చు, అదీ క్వార్టరు దొరికితే. ఫీల్డ్ ఏరియాకి మాత్రం ఆయన ఒక్కరే వెళ్లాలి. అప్పుడు సికింద్రాబాద్‌లో ఉన్న మా క్వార్టరు వదిలెయ్యాలి. మరి నేనూ, ఏడేళ్ల పాపా ఎక్కడికి వెళ్లాలి?

మా అత్తగారైతే ఆలోచించనే లేదు. "ఆ పట్నంలో ఒక్కదానివీ ఏం చేస్తావే, ఊరొచ్చేయ్" అంది. మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. ఇంటద్దె లేదు, మావయ్య తోడుంటారు. లెక్క ప్రకారం అదే చవక.

లెక్క అంటే గుర్తొచ్చింది. క్వార్టరు ఇస్తే హెచ్ఆర్ఏ రాదు. ఇవ్వకపోతే వస్తుంది, కానీ ఊరిని బట్టి మారుతుంది. హైదరాబాద్‌లో బేసిక్‌లో 30 శాతం, విశాఖలో 20, మా పల్లెలో 10. మా ఆయన బేసిక్ 34,900. అంటే ఇక్కడ 10,470 రూపాయలు, అక్కడ 3,490. అల్వాల్‌లో డబుల్ బెడ్‌రూమ్ 14 వేలు చెప్పారు, రెండు నెలల అడ్వాన్సు అదనం.

ఇవన్నీ కాగితం మీద వేసుకుంటున్నా, నా బుర్రలో తిరిగింది వేరే రాత్రి. పాపకి ఆయాసం ఉంది. ఆయన ఫైరింగ్ ప్రాక్టీసుకి వెళ్లినప్పుడు రాత్రి ఒంటిగంటకి ఊపిరి అందక పెదాలు నీలంగా మారిపోయాయి. ఎదురింటి పంజాబీ భాభీ తలుపు కొట్టా. ఆవిడ చున్నీ కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి, పాపని ఒళ్లో పెట్టుకుని, యూనిట్‌కి ఫోన్ చేసింది. కాసేపట్లో బండి వచ్చింది. తిరుమలగిరిలో మిలటరీ ఆసుపత్రి పక్కనే కాబట్టి సరిపోయింది. అదే మా ఊర్లో అయితే? విశాఖలో నేవీ వాళ్ల కల్యాణి ఆసుపత్రికి రెండున్నర గంటలు. అత్తగారికి ఈ మాట చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, నీ ఇష్టం" అంది. ఆ "నీ ఇష్టం"లో కోపం ఎంతో, బాధ ఎంతో ఇప్పటికీ తెలీదు.

భర్త ఫీల్డ్‌లో ఉన్న కుటుంబాల కోసం విడిగా కొన్ని క్వార్టర్లు ఉంటాయి. దానికి అప్లై చేశాం. చేతికి వచ్చింది వెయిటింగ్ లిస్టులో ఒక నంబరు! జవాన్ల ఇళ్ల కొరత ఈనాటిది కాదు. 2002లో మ్యారీడ్ అకామడేషన్ ప్రాజెక్టు అని సుమారు రెండు లక్షల ఇళ్ల పథకం మొదలైంది. నాలుగైదేళ్లలో అవ్వాల్సింది ఏళ్లకేళ్లు సాగింది. క్యూ మాత్రం అలాగే ఉంది.

ఆ మధ్యకాలం బయటే ఉన్నాం. చివరికి ఓ రిటైర్డ్ టీచరుగారు ఇల్లిచ్చారు. నిజం చెప్పాలంటే ఆ నాలుగు నెలలూ నాకు భలే నచ్చాయి. గేటు దగ్గర ఐడీ కార్డు చూపించక్కర్లేదు. తమ్ముడు ఎప్పుడంటే అప్పుడు వచ్చేవాడు. పాప తెలుగులో పోట్లాడటం నేర్చుకుంది. మొదట్లో నానమ్మతో ఫోన్లో కూడా "క్యా హై" అనేది మరి! కానీ రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. కశ్మీర్ వార్త టీవీలో వస్తే, ఆయన ఫోన్ కలవకపోతే, ఆ వీధిలో నా కంగారు ఎవరికి అర్థమవుతుంది? టీచరుగారు పాపం టీ పెట్టి ఇచ్చేవారు, అంతే.

క్వార్టరు వచ్చింది. రెండో అంతస్తు. వానొస్తే వంటింటి గోడ చెమ్మగిల్లుతుంది, కంప్లయింట్ బుక్కులో మూడుసార్లు రాశా. మా మెట్ల మీద ఆరు ఇళ్లు, ఆరుగురి భర్తలూ దూరంలోనే. ఒకరి ఫోన్ మోగితే మిగతావాళ్లం తలుపులు తీస్తాం. పాప ఇన్‌హేలర్ ఎక్కడుందో మలయాళీ చేచీకి కూడా తెలుసు.

మొన్న తమ్ముడు ఆవకాయ జాడీతో గేటు దగ్గర ముప్పావుగంట నిలబడ్డాడు, ఎంట్రీ రాయించుకోవడానికి. "అక్కా, ఆ టీచరుగారి ఇల్లే నయం కదే" అని విసుక్కున్నాడు. జాడీ అందుకుని లోపలికి తీసుకొచ్చా.

ఆయన ఫీల్డ్ గడువు అయ్యాక ఇదీ ఖాళీ చెయ్యాలి. అట్టపెట్టెలు మంచం కింద అలాగే ఉంచా.