పాపాయి ఊయల రీకాల్ అయిందా? కూపన్‌తో సరిపెట్టుకోకండి!

బారసాల అయిన మర్నాడు ఏ ఇంట్లో చూసినా ఓ మూల గిఫ్టుల గుట్ట కనిపిస్తుంది. రాకర్ బాబాయి వాళ్లు తెచ్చింది. స్ట్రోలర్ ఆఫీసు ఫ్రెండ్స్ తలా కొంత వేసుకుని ఆన్‌లైన్‌లో పంపింది. మడతపెట్టే బుల్లి మంచమేమో డాలస్‌లో ఉన్న అక్క వాళ్ల పాప వాడింది, అత్తగారు అక్కణ్ణుంచి వస్తూ వస్తూ లగేజీలో వేసుకొచ్చారు. బిల్లులు ఎవరి దగ్గరున్నాయో ఎవరికీ తెలీదు. అట్టపెట్టెలు ఎప్పుడో పాత పేపర్లవాడి బండెక్కేశాయి.

ఆర్నెల్ల తర్వాత ఫోన్‌లో ఓ వార్త. ఫలానా కంపెనీ ఫలానా మోడల్‌ని వెనక్కి తీసుకుంటోందట, పిల్లలకి ప్రమాదమట. ఫొటో చూస్తే అచ్చం మనింట్లో ఉన్నదే!

అప్పుడు చాలామంది ఏం చేస్తారు? ‘మన పాపకి ఏం కాలేదుగా’ అనుకుని వాడేస్తూనే ఉంటారు. లేదంటే అటక మీద పడేస్తారు. అదీ కాకపోతే పనమ్మాయికో పక్కింటివాళ్లకో ఇచ్చేస్తారు. మూడూ తప్పే. మూడోదైతే మరీ తప్పు. అది ఎందుకో, మీ డబ్బు మీకు ఎలా వస్తుందో చూద్దాం.

వారంటీ వేరు, రీకాల్ వేరు

షాపుకెళ్లి అడిగితే మొదట వినిపించే మాట ‘వారంటీ అయిపోయిందండీ’. ఆ మాటకి తిరిగొచ్చేయకండి. వారంటీ అంటే వస్తువు చెడిపోతే బాగుచేసి ఇస్తామని కంపెనీ చెప్పే మాట. దానికి గడువుంటుంది. రీకాల్ అంటే డిజైన్‌లోనో తయారీలోనో ప్రమాదకరమైన లోపం బయటపడిందని, ఆ రకం వస్తువులన్నీ వెనక్కి రావాలని. మీ ఇంట్లో ఉన్నది ఇవాళ్టికి చక్కగా పనిచేస్తున్నా సరే, అది ఆ లెక్కలోదే. వారంటీ కార్డుతో దీనికి పనిలేదు.

రీకాల్ చేసినా ఆగని ప్రాణనష్టం

1998 మే నెల, అమెరికాలోని షికాగో. డానీ కీసర్ అనే బాబుకి ఏడాదిన్నర కూడా నిండలేదు. పిల్లల్ని చూసుకునే ఆవిడ ఇంట్లో, మడతపెట్టే బుల్లి మంచంలో నిద్రపోతున్నాడు. మంచం పై కమ్మీలు మధ్యకి ముడుచుకుపోయాయి. బాబు మెడ ఆ సందులో ఇరుక్కుంది. ప్రాణం పోయింది.

బాధాకరం ఏంటంటే, ప్లేస్కూల్ పేరుతో అమ్మిన ఆ ట్రావెల్ లైట్ మంచాన్ని 1993లోనే రీకాల్ చేశారు. అంటే ఐదేళ్ల ముందే! ఆ మంచం వల్ల చనిపోయిన బిడ్డల్లో డానీ ఐదోవాడు. రీకాల్ సంగతి ఆ ఇంటికీ తెలీదు, డానీ అమ్మానాన్నలకీ తెలీదు.

షికాగో యూనివర్సిటీలో ప్రొఫెసర్లుగా ఉన్న ఆ తల్లిదండ్రులు ఊరుకోలేదు. ‘కిడ్స్ ఇన్ డేంజర్’ అనే సంస్థ పెట్టారు. 2008లో అమెరికా తెచ్చిన చట్టంలో డానీ పేరుతోనే ఓ భాగం ఉంది. ఊయలలు, స్ట్రోలర్లు లాంటి పిల్లల వస్తువులతోపాటు కంపెనీ ఓ రిజిస్ట్రేషన్ కార్డు ఇచ్చి తీరాలి. మీరు పేరు, అడ్రసు రాసి పంపితే, రేపు రీకాల్ వస్తే కంపెనీయే మీకు చెప్పాలి. అక్కడున్న మనవాళ్లు ఆ కార్డుని పెట్టెతోపాటు పారేస్తే ఈ రక్షణ పోయినట్టే.

ఇంకో ఉదాహరణ ఇటీవలిదే. ఫిషర్ ప్రైస్ కంపెనీ ‘రాక్ అండ్ ప్లే’ అనే వాలు ఊయలని 2009 నుంచి అమ్మింది. పసిపిల్లలు అందులో పక్కకో బోర్లానో తిరిగి ఊపిరాడక చనిపోయిన కేసులు 30 దాటాక, 2019 ఏప్రిల్‌లో 47 లక్షల ఊయలలని రీకాల్ చేశారు. 2023 జనవరిలో అదే రీకాల్‌ని మళ్లీ ప్రకటించాల్సి వచ్చింది. అప్పటికి తెలిసిన మరణాలు దాదాపు 100. వాటిలో కనీసం 8 మొదటి రీకాల్ తర్వాత జరిగినవే! ఊయల మార్కెట్లోంచి పోయింది కానీ ఇళ్లలోంచి పోలేదు.

డబ్బు సంగతికొస్తే, కొని ఆర్నెల్లు దాటనివాళ్లకే పూర్తి నగదు ఇచ్చారు. మిగతావాళ్లకి వోచర్, అది కూడా అదే కంపెనీ సరుకు కొనుక్కోడానికి! ‘కూపన్ ఇస్తాం, సర్దుకోండి’ అనే ఈ పద్ధతి మన దగ్గరా ఎదురుకావచ్చు. అందుకే మన చట్టం ఏమంటోందో తెలిసుండాలి.

మన చట్టంలో ఏముంది?

వినియోగదారుల రక్షణ చట్టం 2019 మన దేశంలో 2020 జులై నుంచి అమల్లో ఉంది. దాని కింద ఏర్పడిందే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ. చట్టంలోని 20వ సెక్షన్ దానికి గట్టి అధికారమే ఇచ్చింది. ప్రమాదకరమైన వస్తువుల్ని వెనక్కి రప్పించమనొచ్చు, కొన్నవాళ్లకి వాటి ధర తిరిగి ఇమ్మనొచ్చు. గమనించండి, చట్టం అన్నది ‘ధర’ అని. కూపన్ అని కాదు.

ఈ అధికారం కాగితానికే పరిమితం కాలేదు. నాణ్యతా ప్రమాణాలకి తగినట్టు లేని ప్రెషర్ కుక్కర్లు అమ్మనిచ్చారని 2022లో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లకి ఒక్కోదానికి లక్ష రూపాయల జరిమానా వేసింది. అమెజాన్‌లో 2,265 కుక్కర్లు, ఫ్లిప్‌కార్ట్‌లో 598 కుక్కర్లు కొన్నవాళ్లందరికీ విషయం చెప్పి, సరుకు వెనక్కి తీసుకుని, డబ్బు తిరిగి ఇవ్వమంది. అమెజాన్ దీన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. ఏదేమైనా ‘మేం మధ్యలో ఉన్నవాళ్లం మాత్రమే’ అంటే వదిలేది లేదని ఆ ఆదేశాలతో తేలింది.

కంపెనీ తనంతట తానే రీకాల్ చేసి కూపన్ చేతిలో పెడితే? తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. వద్దనుకుంటే లోపమున్న వస్తువు అమ్మారని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. డబ్బు వాపసు ఇమ్మని, నష్టపరిహారం కట్టమని చెప్పే అధికారం కమిషన్‌కి ఉంది. కూపన్ తీసుకునే ముందు ‘ఇకపై ఎలాంటి క్లెయిమ్ చేయను’ అనే లైన్ ఏమైనా ఉందేమో చదవండి. ఓకే నొక్కేశాక వాదించడం కష్టం.

ఆ వస్తువు వల్ల బిడ్డకి గాయమైతే అది ఇంకా పెద్ద విషయం. డిజైన్‌లో గానీ తయారీలో గానీ లోపం ఉంటే, ప్రమాదం గురించి సరైన హెచ్చరిక రాయకపోయినా, తయారీదారే నష్టపరిహారం కట్టాలని 84వ సెక్షన్ చెబుతోంది. మరి కంపెనీ పేరే లేని సరుకైతే? ఎగ్జిబిషన్‌లోనో ఇన్‌స్టాలోనో కొన్న రాకర్‌కి తయారీదారెవరో తేలకపోతే అమ్మినవాడే బాధ్యుడు. ఇది 86వ సెక్షన్.

బిల్లు మా పేరు మీద లేదే!

ఫర్వాలేదు. గిఫ్టుగా వచ్చిన వస్తువైనా, కొన్నవాళ్ల అంగీకారంతో వాడుతున్నవాళ్లు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. బాబాయికి మొహమాటం లేకుండా ఫోన్ చేసి బిల్లో, ఆర్డర్ స్క్రీన్‌షాటో, యూపీఐ పేమెంట్ వివరమో పంపమనండి. ‘మీరిచ్చిన గిఫ్టు బాలేదని’ చెప్పినట్టు కాదు, బిడ్డ భద్రత కోసం అడిగినట్టు.

అమెరికా నుంచి వచ్చిన వస్తువైతే? అక్కడి రీకాల్ ఇక్కడ దానంతటదే వర్తించదు. అక్కడ కొన్నవాళ్ల పేరు మీదే అక్కడి కంపెనీని అడిగించాలి. చాలా రీకాల్స్‌లో బట్టనో బెల్టునో కత్తిరించి ఫొటో పంపమంటారు. అందుకు వస్తువు అమెరికాలోనే ఉండాల్సిన అవసరం ఉందో లేదో అడిగి చూడండి. ఒకవేళ అదే మోడల్‌ని మన దగ్గరా అమ్ముతుంటే, అక్కడి రీకాల్ నోటీసు మీ ఫిర్యాదుకి మంచి ఆధారం.

ఏం చేయాలి? వరసగా...

ముందు వాడకం ఆపండి. వస్తువు మీద ‘వాడొద్దు’ అని కాగితం అంటించి బిడ్డకి అందని చోట పెట్టండి. అమ్మమ్మకీ నాయనమ్మకీ కూడా చెప్పండి. మనం ఆఫీసులో ఉంటే ఊపేది వాళ్లే.

లేబుల్ ఫొటో తీయండి. మోడల్ నెంబర్, బ్యాచ్ నెంబర్, తయారీ తేదీ కనిపించాలి. ఒకే పేరుతో అమ్మినా కొన్ని బ్యాచ్‌లనే రీకాల్ చేస్తుంటారు.

వీధి చివర వెల్డింగ్ షాపులో బాగు చేయించకండి. వస్తువులో మార్పులు చేశారని తేలితే అమ్మినవాడు తప్పించుకోడానికి చట్టమే దారిస్తుంది. కంపెనీ అడక్కుండా పారేయకండి కూడా. అదే మీ సాక్ష్యం.

రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో ఎంత మాట్లాడినా రుజువు ఉండదు. మెయిల్‌లో ఇంత రాస్తే చాలు: ‘మీ కంపెనీ ఫలానా మోడల్, ఫలానా బ్యాచ్ వస్తువుని ఫలానా తేదీన ఇంత ధరకు కొన్నాం. దీన్ని మీరు రీకాల్ చేసినట్టు తెలిసింది. వాడకం ఆపేశాం. వస్తువుని మీ ఖర్చుతో తీసుకెళ్లి, పూర్తి ధరని కొన్న ఖాతాలోకి తిరిగి చెల్లించండి. కూపన్‌కి మేం అంగీకరించడం లేదు. బిల్లు, లేబుల్ ఫొటోలు జతచేశాం.’

ఆన్‌లైన్‌లో కొని ఉంటే యాప్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు వెతకండి. ఆ వివరాలు చూపించడం తప్పనిసరి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ‘రిటర్న్ విండో క్లోజ్ అయింది’ అని యాప్ చూపించినంత మాత్రాన లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి లేదు.

కదలిక లేదా? జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయండి. తెలుగులోనూ మాట్లాడొచ్చు. వాట్సాప్ అయితే 8800001915. వాళ్లు తీర్పు చెప్పరు కానీ మీ ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. చాలా గొడవలు ఇక్కడే తెగిపోతాయి.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ముంబయిలో ఉన్నా ఢిల్లీలో ఉన్నా సరే, మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లోంచే ఫిర్యాదు వేయొచ్చు. గడువు మాత్రం రెండేళ్లు, నాన్చకండి.

ఆ వస్తువు ఇంకా అమ్ముతూనే ఉన్నారా? అయితే ఇది మీ ఒక్కరి గొడవ కాదు. చాలామందికి సంబంధించిన ఇలాంటి ఫిర్యాదుని జిల్లా కలెక్టర్‌కి కూడా ఇవ్వొచ్చని 17వ సెక్షన్ చెబుతోంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారుగా, ఆ లైన్లో ఈ కాగితం కూడా పెట్టొచ్చు.

కొనేముందు రెండు నిమిషాలు

బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి మన దేశంలో ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. మార్కుతోపాటు ఉండే లైసెన్సు నెంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది అసలుదో కాదో తెలిసిపోతుంది. విదేశీ బ్రాండు ఊయలో స్ట్రోలరో కొంటుంటే మోడల్ పేరు పక్కన ‘రీకాల్’ అని కొట్టి ఓసారి వెతకండి. వివిధ దేశాల రీకాల్స్‌ని ఒకేచోట చూపించే గ్లోబల్ రీకాల్స్ పోర్టల్ కూడా ఉంది. ఎవరైనా వాడిన వస్తువు ఇస్తుంటే ఈ వెతుకులాట ఇంకా ముఖ్యం. బిల్లు, లేబుల్ ఫొటోల కోసం ఫోన్‌లో బిడ్డ పేరుతో ఓ ఫోల్డర్ పెట్టుకోండి.

డబ్బు చేతికొచ్చింది, వస్తువుని కంపెనీ తీసుకెళ్లలేదు. అప్పుడేం చేయాలి? కమ్మీలు విరగ్గొట్టండి, బట్ట చింపేయండి, బెల్టులు కత్తిరించండి. చెత్తకుప్ప మీద చెక్కుచెదరకుండా కనిపిస్తే ఎవరో ఒక తల్లి ‘బావుందే’ అని ఇంటికి తీసుకెళ్లిపోతుంది. ఆ ఇంటికి ఏ రీకాల్ మెసేజూ వెళ్లదు.