పెట్టుబడి వచ్చినంత మాత్రాన చేను పచ్చబడుతుందా?

అపోహ: విదేశీ పెట్టుబడి మన పొలాలకు ఈమధ్యే వచ్చింది.

వాస్తవం: బ్రిటిష్ అమెరికన్ టొబాకో మనుషులు వందేళ్ల కిందటే గుంటూరు, చీరాల చుట్టుపక్కల వర్జీనియా పొగాకు వేయించారు. రైతు చేతికి డబ్బొచ్చింది. ఆకు క్యూరింగ్‌కి బ్యారన్లలో కట్టెలు బండ్లకొద్దీ కాలాయి. ఆ లెక్క పట్టించుకున్నవాళ్లు తక్కువ.

అపోహ: బయటి సాంకేతికత వస్తే పురుగుమందులు తగ్గిపోతాయి.

వాస్తవం: బీటీ పత్తితో తగ్గాయి, కొన్నాళ్లు. దానికి ముందు సంగతి చూడండి. 1987లో ప్రకాశం, గుంటూరు పత్తిచేలను తెల్లదోమ ఊడ్చేసింది. అప్పటికి కొత్తవైన పైరెత్రాయిడ్లను విచ్చలవిడిగా కొట్టడం అందుకు పెద్ద కారణం. రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అలా విసిగినవాళ్లు, 2002లో మోన్‌శాంటో సాంకేతికతతో కాయతొలిచే పురుగును తానే చంపే బీటీ పత్తి వచ్చాక, కొన్నేళ్లలోనే ఊరూరా ఎగబడ్డారు. 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటితే, రాష్ట్ర ప్రభుత్వం పోట్లాడి 2006లో 750కి దించింది. మంచిదే.

ఆ ప్యాకెట్‌తో పాటే 120 గ్రాముల మామూలు గింజల పొట్లం ఒకటి వచ్చేది. దాన్ని చేను చుట్టూ వేయాల్సి ఉండేది. బీటీని తట్టుకున్న పురుగు అక్కడ పెరిగిన మామూలు పురుగుతో జతకడితే, తట్టుకునే గుణం పలచబడుతుంది. కౌలు కట్టి సాగుచేసే రైతు పురుగుల కోసం నాలుగు సాళ్లు వదులుతాడా? చాలామంది వేయలేదు. ధర మీద జరిగిన కొట్లాటలో పదోవంతు కూడా ఈ పొట్లం మీద జరగలేదు. చివరికి గులాబీ రంగు పురుగు బీటీకి లొంగకుండా పోయింది. పురుగుమందుల మీద రైతు పెట్టే ఖర్చు బీటీ రాకముందుకన్నా ఎక్కువైందని కేశవ్ క్రాంతి, గ్లెన్ స్టోన్ అనే పరిశోధకులు 2020లో నేచర్ ప్లాంట్స్ పత్రికలో లెక్కగట్టి చూపారు.

అపోహ: ఫ్యాక్టరీ ఆధునికమైతే సరుకు శుభ్రమైనట్టే.

వాస్తవం: 2022 నవంబరులో యడ్లపాడు దగ్గర వంకాయలపాడులో ఐటీసీ సుగంధ ద్రవ్యాల కర్మాగారం తెరుచుకుంది. (ఐటీసీలో పెద్ద వాటా ఎవరిదనుకున్నారు? పైన చెప్పిన బ్రిటిష్ అమెరికన్ టొబాకోదే.) కల్లంలో తడిసిన మిరపకాయకు పట్టిన బూజు విషం అఫ్లటాక్సిన్‌నీ, చేలో కొట్టిన మందు అవశేషాన్నీ ఏ గ్రైండరూ తీసేయలేదు. 2003లో కారంపొడిలో తినకూడని సుడాన్ రంగు బయటపడ్డాక ఐరోపా పరీక్ష పత్రం అడిగింది. అడిగేవాడు ఉన్నాడు కాబట్టే ఎగుమతిదారులు సమగ్ర సస్యరక్షణ అంటూ పొలందాకా వచ్చారు. అడగని చోట పాత కథే. మిర్చి యార్డులో టిక్కీ (బస్తా) విప్పి చూసేది రంగు, ఘాటు, తేమ, తాలు; అవశేషం కంటికి కనపడదు. 2021లో నల్ల తామర పురుగు మిరప మీద పడినప్పుడు రైతు దొరికిన మందల్లా కొట్టాడు.

అపోహ: విదేశీ డబ్బంటే రసాయనాలే.

వాస్తవం: గుంటూరు నుంచి ప్రకృతి సేద్యం నడిపిస్తున్న రైతు సాధికార సంస్థ పనికి జర్మనీ బ్యాంకు కెఎఫ్‌డబ్ల్యూ అప్పిచ్చింది. 2024లో ఆ కార్యక్రమానికి గుల్బెంకియన్ బహుమతీ దక్కింది. అయితే అప్పు అప్పే, తీర్చాల్సింది మన ఖజానా. ఇక ప్రకృతి సేద్యంలో పండిన మిరపకాయకు యార్డులో క్వింటాకు ఎంత ఎక్కువిస్తారన్నది రైతు ప్రశ్న.