వేలెడు సున్నము

విజయవాడనుండి బందరు కాలువవెంట పోవువారికి వరిచేల గట్లపై తాటిచెట్ల వరుసలు కనబడుచునే యుండును. ముంజలను, తేగలను, తాటాకు విసనకఱ్ఱలను మన యిండ్లలో నెఱుగనివా రెవరు? కాని “నీరా” యన్నంతనే పలువురు గృహిణులు కల్లని తలచి ముక్కు మూసికొందురు. ఆ రెంటికిని పుట్టిల్లొకటే. వేఱుచేయునది వేలెడు సున్నము.

చలికాలము తుదినుండి ఎండలు ముదురువఱకు గీతవాడు మోకుతో చెట్టెక్కి, గెల కొనను కత్తితో పలుచగా చెక్కి, క్రింద లొట్టి కట్టును. దినదినమును చెక్కవలయును, మానినచో గాయము ఎండి ధార నిలిచిపోవును. లొట్టిలోపల సున్నము పూసి, తెల్లవాఱకమున్నే దింపిన రసము తియ్యనిది. అదియే నీరా. అందు నూటికి సుమారు 10 మొదలు 12 పాళ్లు చక్కెర యుండును. సున్నము లేనిచో ఈస్టు అను కంటి కగపడని జీవి ఆ చక్కెరను తిని ఆల్కహాలుగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. నురుగు పొంగును. ప్రొద్దెక్కినకొలది తీపి తఱిగి మత్తు హెచ్చును, మఱునాటికి పులిసిపోవును.

ఈ మార్పునే ఓపికతో నడపి వెలకు అమ్ముకొనువారు జర్మనీలో మోసెల్ నదీతీరమున గలరు. మన పిల్లల పలకలకు వాడు జాతి రాతిముక్కలతో నిండిన కొండవాలులపై వారు రీస్లింగ్ ద్రాక్షను పెంచుదురు. ఆ రాయి పగటి యెండను దాచుకొని రాత్రి తీగకు వెచ్చదన మిచ్చును. రసములోని చక్కెర యించుమించుగా నంతయు ఈస్టు తినిన పిదప మిగిలిన మద్యమును “పొడి” మద్య మందురు. ద్రవమును పొడి యనుట వింతయే. తీపి లేనిదని యర్థము. బ్రెమ్ గ్రామముకడ వాలు మిక్కిలి నిటారుగా నుండుటచే పని చాలవఱకు చేతితోనే సాగును. శ్రమలో వారును మన గీతవాడును దాయాదులు. కాని వారి సరకు సీసాలో ఏండ్లు నిలుచును. ఇతని సరకునకు ఒక పగలే యాయువు. మంచి ధరకై యెట్లు వేచియుండగలడు?

ఈ వృత్తి వెనుక రెండిండ్ల గోడు గలదు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతట మద్యనిషేధము వ్యాపింపగా, మన గీతకుటుంబముల పొయ్యి చల్లారినది. నిషేధమును ఎత్తివేయవలెనన్న రామమూర్తి కమిటీ సిఫారసుపై తగవు ముదిరి, 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము ఒక్క వోటుతో పడిపోయినది. రెండవ యిల్లు త్రాగుబోతు భార్యది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993 అక్టోబరు 1న సారా నిషిద్ధమైనది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో తొలగినది.

ఈ యిల్లాండ్రిద్దఱిని ఒకరికొకరు శత్రువులుగా నిలుపుట నాకు సమ్మతము గాదు. మగని కూలి కల్లుపాకకు పోరాదని యొకతె, మగని కూలి నిలువవలెనని యొకతె కోరుచున్నారు. తియ్యని నీరాకు తెల్లవాఱుజాముననే గిరాకి దొరకినచో గీతవానికి కల్లుపాక యొక్కటే దిక్కు కాదు.

కొనదలచినవారు ప్రొద్దుపొడుపునకే కొనుడు. నురుగున్నచో, పులుపువాసన సోకినచో వలదు. ఇంటికి తెచ్చినవెంటనే పలుచని బట్టతో వడియగట్టి త్రాగుడు. మిగిలినదానిని వెడల్పాటి పాత్రలో కలియబెట్టుచు చిక్కబడువఱకు కాచినచో తాటిబెల్లమగును. అడుగంటుట సులభము గనుక తుదిలో మంట తగ్గింపుడు.